చేతులెత్తిన జట్టు

ఆ రోజు పొద్దున రఘుపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మహబూబ్‌నగర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వస్తుంది. పన్నెండింటికల్లా దాన్ని ఓడించాలి. తర్వాత అమ్మ చేసిన జొన్నరొట్టె తినాలి. 1948 సెప్టెంబరులో నల్గొండ జిల్లాలో ఇంత ధీమాగా పథకం వేసుకున్నవాడు ఇంకొకడు ఉండి ఉండడు.

ఓడించకపోతే మాత్రం కొంప మునుగుతుంది. రఘుపతి కెప్టెనుగా ఉన్న కాలేజీ జట్టు ఆ సీజన్లో మూడు మ్యాచులు ఆడి మూడూ ఓడింది. "నాలుగోది గూడ ఓడితే జట్టు బంద్. మైదానంల ఉలవలు చల్లిస్త," అని ప్రిన్సిపాల్ తెగేసి చెప్పాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. రజాకార్ల గొడవల వల్ల కాలేజీ మూతపడితే, రఘుపతి జట్టునంతా కట్టంగూర్ దగ్గరున్న తన ఊరికి వెంటబెట్టుకొచ్చాడు. రోడ్డు పక్క బీడులో వెదురుగడలతో రెండు గోల్స్ పాతి, నెల రోజులుగా సాధన చేయిస్తున్నాడు; మహబూబ్‌నగర్ వాళ్లనూ అక్కడికే రమ్మన్నాడు. లోకంలో ఏం జరుగుతున్నదో అతనికి పట్టలేదు. మూడు రోజులుగా తూర్పున ఢామ్మంటున్నవి ఉరుములే అనుకున్నాడు.

మొదటి తప్పు అతనిదే. తల్లి సుగుణమ్మ జట్టు తాలూకు పదకొండు తెల్ల బనీన్లూ ఉతికింది కానీ, ఆరేయడానికి దండెం చాలలేదు.

"గా గోల్ గడలకు కట్టరాదే అమ్మా, గాలికి జల్ది ఆర్తయి," అన్నాడు రఘుపతి.

కట్టింది. గంప నెత్తిన పెట్టుకుని చేనుకు పోతున్న బక్కమ్మ అది చూసి ఆగిపోయింది. నిజాం మీదికి ఇండియన్ యూనియన్ మిలిటరీ బెజవాడ రోడ్డు పట్టుకుని వస్తోందని, తెల్లగుడ్డ కనబడిన ఊరి జోలికి పోదని అప్పటికే గుసగుసలున్నాయి.

"సదువుకున్న పోరలు ఉత్తగ కడ్తరా? మిలిటరీ వచ్చినట్టే!" అంటూ గంప అక్కడే పడేసి ఊళ్లోకి పరుగెత్తింది.

గంట తిరిగేసరికి ఇంటింటి కప్పు మీదా ధోవతులు, దుప్పట్లు, తలపాగాలు ఎగిరాయి. ఒక ముసలాయన హడావుడిలో కట్టుకున్న ధోవతినే విప్పి ఎగరేసి, సాయంత్రం దాకా బయటికి రాలేకపోయాడు.

ఊరి చివర నిజాం పోలీసుల చౌకీ ఉంది. ఒక జమేదారు, పదిమంది జవాన్లు. ముందు రాత్రే వచ్చిన వాళ్లు కనుక ఊళ్లో ఎవరి ముఖమూ తెలియదు. పళ్లు తోముకుంటూ బయటికొచ్చిన జమేదారుకు ఊరంతా తెల్లగా కనబడింది. వేపపుల్ల మింగినంత పని చేశాడు. బీడు వైపు చూస్తే, ఖాకీ నిక్కర్లు, బూట్లు వేసుకున్న కుర్రాళ్లు వొట్టి ఒంటితో వరుసగా కసరత్తు చేస్తున్నారు. ఒకడు విజిల్ ఊదుతున్నాడు.

"మిలిటరీ దిగింది!" అని కేకేశాడు. "వర్దీలు ఇప్పుండ్రి. తుపాకులన్ని లోపల పెట్టి తాళమెయ్యుండ్రి. పోయి కాళ్ల మీద పడుదం, పానమన్న దక్కుతది."

అలా సరిగ్గా పదింటికి, పదకొండు మంది నిక్కర్లు, బనీన్లతో బీడులోకి నడిచొచ్చారు. రఘుపతి సంతోషం పట్టలేకపోయాడు. మహబూబ్‌నగర్ జట్టు మాట తప్పలేదు! కాకపోతే ఇద్దరికి మీసాలు నెరిశాయి, ఒకడికి బొజ్జ ఉంది.

"పరీక్షలు తప్పి తప్పి గిట్లయిండ్రేమో," అన్నాడు గోల్‌కీపర్ కురుమయ్య.

జమేదారు ఒక తాళంచెవి ఇచ్చాడు. "అంత లోపల పెట్టి తాళమేసినం సాబ్. మీరెట్ల జెప్తె గట్ల జేస్తం. జర పిల్లలు గలోల్లం."

వీళ్ల బట్టల గది తాళం కాబోలనుకుని రఘుపతి దాన్ని నిక్కరు జేబులో వేసుకున్నాడు. పిల్లలు గలవాళ్లు కాలేజీలో ఏం చేస్తున్నారో మాత్రం అర్థం కాలేదు.

"ఫికర్ జెయ్యకుండ్రి. ఒక్క ఆట ఆడినంక ఇంటికి పోదురు. గా గోల్ కాడ ఒకడు నిలబడుండ్రి."

కాల్చే ముందు ఆట కూడా ఆడిస్తారేమోనని ఒక జవాను గుడ్ల నీళ్లు కుక్కుకున్నాడు.

రిఫరీ దొరకలేదు కనుక విజిల్ రఘుపతి నోట్లోనే ఉంది. ఊదాడు. పదకొండు మందీ ఒక్కసారిగా చేతులు పైకెత్తారు. బంతి పోయి ఒకడి చేతికి తగిలింది. ఫుట్‌బాల్‌లో బంతి చేతికి తగలడం తప్పు, గోల్ ముందరైతే పెనాల్టీ. రఘుపతి మళ్లీ విజిల్ ఊదాడు. చేతులు ఇంకా పైకి లేచాయి. గోల్‌లో నిలబడ్డ బొజ్జాయన కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే బంతి అతని కాళ్ల మధ్య నుంచి దూరిపోయింది.

"జర సక్కగ ఆడరాదు? గంత బయమేంది?" అని కురుమయ్య జమేదారును కసిరాడు కూడా.

అరగంటలో తొమ్మిది గోల్స్. తొమ్మిదో గోల్‌కు రఘుపతికి ఏడుపొచ్చింది. జట్టు బతికింది. ఉలవల పీడ వదిలింది.

అప్పుడే రోడ్డు మీద అసలు మిలిటరీ లారీలు ఆగాయి. దిగిన అధికారి నిర్ఘాంతపోయాడు. బీడులో ఒక జట్టు మొత్తం చేతులెత్తి నిలబడి ఉంది. ఆయన వెనకున్న తుపాకులు చూసి రెండో జట్టు కూడా ఎత్తింది. బంతి ఒక్కటే తన మానాన తను దొర్లుతోంది.

జమేదారు అధికారిని చూశాడు, రఘుపతిని చూశాడు. "గాయన మిలిటరీ అయితే, గీనెవ్వడు?"

రఘుపతికి దిమ్మ తిరిగింది. "మీరు మహబూబ్‌నగరోల్లు గాదా?"

"మేం పోలీసోల్లం! నీ జేబులున్నది మా తుపాకుల తాళంచెవి!"

తాళంచెవి అధికారి చేతికి, పోలీసులు లారీలోకి పోయారు. వాళ్లతో పాటే తొమ్మిది గోల్సూ పోయాయి.

కాలేజీ తెరిచిన రోజు రఘుపతి ప్రిన్సిపాల్ ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు.

"గెలిచింది పోలీసుల మీద," అన్నాడు ప్రిన్సిపాల్. "మహబూబ్‌నగర్ మీద గాదు గద."

గది మూల ఉలవల మూట సిద్ధంగా ఉంది. అంతలో చప్రాసి టపా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మహబూబ్‌నగర్ కాలేజీ ఉత్తరం. 'దారులు మూసివేసినందున మా జట్టు జడ్చర్ల నుంచే వెనుదిరిగినది. మేము ఓడినట్టే రాసుకోగలరు.'

ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివాడు. నిట్టూర్చాడు. మూటను ఇంటికి పంపించి, రిజిస్టరు తెరిచి కలం తీశాడు.

"మరి నేను కొట్టిన తొమ్మిది గోల్స్, సార్?"

"గవి ఎవ్వరికి జెప్పకు బిడ్డా."

ఆ యేటి జట్టు గురించి ఆయన స్వహస్తాలతో రాసిన వాక్యం ఒక్కటే: ఆడినవి మూడు, ఓడినవి మూడు, గెలిచింది ఒకటి.