పీడీఎఫ్ ఉండగా భయమేల?

చదవడం తెలివితక్కువవాళ్ల అలవాటు. తెలివైనవాళ్లు సేవ్ చేసుకుంటారు!

ఈ మాటకి మేష్టార్లంతా నా మీద కత్తి కట్టినా సరే, వెనక్కి తీసుకోను. మా బావగారిని ఇన్నేళ్లుగా చూస్తున్నవాణ్ణి. ఆయన కాలేజీలో లైబ్రేరియన్. దాచడం వేరు, చదవడం వేరు అని ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఫోన్లో ఏ వెబ్ పేజీ తగిలినా ఆయన మూడు చుక్కలు నొక్కుతారు, షేర్ అంటారు, ప్రింట్ అంటారు. ఇంట్లో ప్రింటర్ లేదు కదా అని మీ సందేహం. అదే కిటుకు! లేని ప్రింటర్‌కి బదులు 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఉంటుంది. అది నొక్కగానే ఆ విషయమంతా ఔపోసన పట్టినంత ప్రశాంతత ఆయన ముఖంలో కనిపిస్తుంది.

దీనివల్ల సంసారం ఎంత సాఫీగా సాగుతుందో చూడండి. మా అక్క మోకాళ్లు నొప్పంటే బావగారు విసుక్కోరు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఇబ్బంది పెట్టరు. మోకాళ్ల నొప్పుల మీద ఒక పేజీ సేవ్ చేస్తారు. వంటింట్లో కుళాయి కారితే దాని మీదా ఒకటి సేవ్ చేశారు. ప్లంబర్ వచ్చి తంటాలు పడుతుంటే పక్కనే నిలబడి, తన దగ్గర పీడీఎఫ్ ఉందని అతనికి ధైర్యం చెప్పారు.

ఒకరోజు ఫోన్ నిండిపోయింది. ఫోన్లో జాగా ఖాళీ చేసే పద్ధతుల మీద పేజీ సేవ్ చేయబోతే జాగా చాల్లేదు. అక్క ఫొటోలు కొన్ని తీసేసి సేవ్ చేశారు.

అక్క ఎదురుగా కూర్చుని ఏదైనా చెప్పబోతే, తలెత్తకుండానే లింక్ పంపమంటారు. మాట గాల్లో కలిసిపోతుంది, లింక్ అలా కాదు కదా!

ఇంతటి విద్యకి మొన్న పరీక్ష వచ్చింది. వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల వాళ్లిద్దరే. లైటు ఆరిపోయింది. మూసిన గదంటే అక్కకి చిన్నప్పటి నుంచీ ప్రాణభయం, బాత్రూం గడియ కూడా సగమే వేస్తుంది. గంట నొక్కితే వాచ్‌మన్ కిందనుంచి పలికి, మెకానిక్ బయల్దేరాడనీ, కాస్త ఓపిక పట్టమనీ అన్నాడు.

అక్కకి ముచ్చెమటలు పోశాయి. చీకట్లో బావగారి చెయ్యి పట్టుకోబోయింది. ఆ చేతిలో ఫోనుంది.

"కంగారు పడకు, దీని మీద మనకొకటి ఉంది" అన్నారాయన.

ఉన్నమాట నిజమే. కాకపోతే ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టే తీరికెక్కడిది? అన్నిటికీ 'ముఖ్యం' అనే పెట్టారు. పక్కన అంకెలు ఫోనే వేసుకుంది. ఒక ముఖ్యం తెరిస్తే తేనెటీగల పెంపకం. ఇంకో ముఖ్యం తెరిస్తే పసిపిల్లలకి పళ్లొచ్చే వయసు. వాళ్ల పసివాడికి పెళ్లీడొచ్చింది. ఊపిరాడటం లేదంది అక్క. వెతుకుతున్నానుగా అన్నారు. అక్క గోడకి జారగిలబడి కింద కూర్చుండిపోయింది. ఆయన ఇంకా వేగంగా వెతికారు. బాధ్యత తెలిసిన భర్త అంతకంటే ఏం చేస్తాడు చెప్పండి?

దొరికింది! మొదట లిఫ్టు పుట్టుపూర్వోత్తరాలు. తర్వాత చెప్పుల ప్రకటన. ఆ తర్వాత, 'కుకీలకు అంగీకరిస్తున్నారా?' అనే పెట్టె అసలు సంగతి మీద బైఠాయించింది. వేలితో ఎంత పొడిచినా కదల్లేదు. పేజీతోపాటు అదీ సేవ్ అయిపోయింది మరి. ఆ పెట్టెకి పైన కనిపిస్తున్న రెండు వాక్యాల్ని బావగారు గొంతు సవరించుకుని పైకి చదివారు.

"మీతో ఉన్నవారు భయపడుతుంటే ఫోన్ పక్కన పెట్టండి. వారి చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉండండి."



"ఇదెప్పుడు సేవ్ చేశారు?" అని అడిగింది అక్క, నేల మీద నుంచే.

"ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో. లిఫ్టంటే భయమన్నావుగా, నీకోసమే."

"అప్పుడే చదివుండాల్సిందండీ."

బావగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. చీకట్లో తడుముకుంటూ పక్కన కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నారు. మెకానిక్ వచ్చేదాకా వదల్లేదు. ఈ సంగతి చెబుతున్నప్పుడు అక్క కళ్లు చెమర్చాయి. మా పీడీఎఫ్ విద్యని ఆడిపోసుకునేవాళ్లు ఇది గమనించాలి!

చెయ్యయితే పట్టుకున్నారు గానీ, ఏం మాట్లాడాలో ఆయనకి తోచలేదట. ఆ సంగతి కుకీల పెట్టె కింద ఉండిపోయింది కాబోలు.