తప్పిపోతే అమ్యూజ్‌మెంట్ పార్కులోనే తప్పిపోవాలి

శుక్రవారం సాయంత్రం సంచీ సర్దుతున్నప్పుడు ఈ సత్యం నాకింకా తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి లోకం మేలు కోరి చెబుతున్నాను. బిడ్డ తప్పిపోవాలని రాసిపెట్టి ఉంటే అమ్యూజ్‌మెంట్ పార్కులోనే తప్పిపోవాలి! అంతకంటే మంచి చోటు భూమ్మీద లేదు.

నవ్వకండి. ముందు సంచీలో ఏముందో చెప్పనివ్వండి.

రెండేళ్ళ మనవరాలితో శని ఆదివారాలు గడిపి రావడానికి నేను పెట్టినవి: ఒక కట్ట డైపర్లు, అరడజను గౌన్లు, మండుటెండల్లో ఒక స్వెట్టరు, టార్చిలైటు, విజిలు, ఈ నెలలోనే తీసిన ఫొటో. ఫోను నంబరు రాసిన చీటీలు సంచీలో పెట్టలేదు. ఒకటి గౌను లోపల పిన్నీసుతో గుచ్చాను, ఒకటి సాక్సులో దూర్చాను, ఒకటి టోపీలో కుట్టేశాను. పిల్ల ముక్కలు ముక్కలుగా తప్పిపోయినా ఏ ముక్కకా ముక్క ఇంటికి చేరుతుంది.

మా అల్లుడు సంచీ ఎత్తబోయి, మళ్ళీ కింద పెట్టాడు.

"అత్తయ్యగారూ, మనం వెళ్తున్నది రెండు రోజులకేనండీ. దీంతో ఇంకో కాపురం పెట్టొచ్చు."

"పెట్టాల్సి వస్తే పనికొస్తుందిలే బాబూ."

"ఈ విజిలెందుకే అమ్మా?" అంది మా అమ్మాయి.

"తప్పిపోతే ఊదుతుంది."

"దానికి ఊదడం రాదుగా!"

"నేర్పుతాను."

నేర్పాను. కారు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మా చిట్టెలుక ఊదుతూనే ఉంది. ఒక కూడలిలో మా ముందున్న స్కూటరాయన పాపం నిజంగానే బండి పక్కకు ఆపి, లైసెన్సు తీసి పట్టుకున్నాడు.

పసిపిల్లతో పార్కుకి వెళ్ళడం శిక్ష అంటారు గిట్టనివాళ్ళు. ఎంత తప్పు! దాంట్లో ఉన్న సుఖం ఏమిటంటే, ఏదీ ఎక్కనక్కర్లేదు. ప్రతి ఆట ముందూ ఒక చెక్క జిరాఫీ నిలబడి ఉంటుంది. దాని భుజం దాటిన వాళ్ళకే ప్రవేశం. మా చిట్టెలుక దాని మోకాలి దగ్గరే ఆగిపోయింది. వరసలో నిలబడి, చెమటలు కక్కి, జిరాఫీ దాకా వెళ్ళి, కొలిపించుకుని, వెనక్కి వచ్చాం. మరో వరస, మరో జిరాఫీ. ఇంతకంటే భద్రమైన ఆట ఉందా? కళ్ళు తిరగవు, కడుపులో తిప్పదు. మధ్యాహ్నానికి జిరాఫీలన్నీ మాకు ముఖపరిచయం.

ఇక పిల్ల ఆనందం అంటారా! అంత పెద్ద పార్కులో దానికి నచ్చినవి రెండే. చేతులు కడుక్కునే కుళాయి, దాని కిందనుంచి పోతున్న చీమల బారు. అల్లుడు ఆ చీమల్ని వీడియో తీశాడు.

"ఇవి మన గుమ్మం ముందు కూడా ఉంటాయి కదా?" అన్నాడు మా అమ్మాయితో, నీరసంగా.

"అవి మామూలు చీమలు. వీటికి టికెట్ కొన్నాం," అంది.

పాపం, వయసులో ఉన్నవాళ్ళు. ఒక్కటైనా ఎక్కాలని ఉంటుంది. ఆకాశంలో తలకిందులుగా తిరిగే రైలొకటి ఉంది అక్కడ. మా అమ్మాయి దాన్ని చూసింది, నన్ను చూసింది.

"అమ్మా, ఒకే ఒక్కటి ఎక్కి వచ్చేస్తాం. నువ్వు దీన్ని పట్టుకుని ఈ బెంచీ మీదే కూర్చో. కదలకు."

సరేనన్నాను. కూర్చున్నాను. పిల్ల చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి చెమటకి జారుతోంది. ముందునుంచి జనం, వెనకనుంచి జనం, మధ్యలో బూరలమ్మేవాడు. చిట్టెలుక వాడి వెంట పోవాలని ఒకవైపు లాగుతోంది, నేను ఇంకోవైపు లాగుతున్నాను. నా బలమెంత, నా వయసెంత! ఇంకాసేపటికి ఈ చెయ్యి జారిపోతుందని నాకు తెలిసిపోయింది.

అప్పుడు కనిపించింది ఆ బోర్డు. బడి మొహం చూడనిదాన్ని. పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఊరికే దొరికే అక్షరాన్ని వదులుతానా? 'తప్పిపోయిన పిల్లల కొరకు ఇచ్చట విచారించండి' అని ఉంది.

నాకు తళుక్కున తట్టింది. పిల్ల ఎలాగూ తప్పిపోతుంది. తప్పిపోతే ఎవరో ఒకరు ఇక్కడికే తెస్తారు. తల్లిదండ్రులూ ఇక్కడికే పరుగెత్తుకొస్తారు. అందరూ చేరేది ఇక్కడికే అయినప్పుడు, ముందే వచ్చి కూర్చుంటే పోలా? మధ్యలో ఆ తప్పిపోవడం ఒక్కటి తీసేస్తే ఎంత శ్రమ ఆదా!

లోపల మైకు ముందు ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"పాప ఎక్కడ దొరికింది మామ్మగారూ?"

"మా పాపేనమ్మా."

"మరి తప్పిపోయిందెవరు?"

"ఇంకా ఎవరూ తప్పిపోలేదు."

ఇలాంటివాళ్ళని ఏం చెయ్యాలో ఆ పిల్లకి ట్రైనింగులో చెప్పినట్టు లేదు. కాసేపు నన్నూ, నా సంచీనీ చూసి, ఏనుగు బొమ్మ ఉన్న చిన్న కుర్చీ ఒకటి జరిపింది.

అయ్యా, అమ్మా, ఆ గది గురించి ఏం చెప్పమంటారు! గోడల నిండా బాతులు. తలమీద ఫ్యాను. చల్లటి మంచినీళ్ళు. అడగకుండానే బిస్కెట్లు. పార్కు మొత్తానికి జిరాఫీ లేని ఆట అదొక్కటే!

తప్పిపోయిన పిల్లలు వస్తున్నారు, పోతున్నారు. ఒక పిల్లాడు చేతిలో ఐస్‌క్రీము అయ్యేదాకా అమ్మతో వెళ్ళనన్నాడు. ఇంకో పిల్లని "నాన్న పేరేంటమ్మా?" అని అడిగితే "ఏవండీ" అంది. మైకు పిల్ల అదే చదివేసింది. పార్కులో సగం మంది మగాళ్ళు గుమ్మం ముందు నిలబడ్డారు!

తల్లులందరిదీ ఒకటే పద్ధతి. ముందు వీపు మీద ఒకటి వేస్తారు, తరువాత ఊపిరాడకుండా కావలించుకుంటారు.

నేను మాత్రం ఆ మైకునే చూస్తూ కూర్చున్నాను. పిల్ల వచ్చిందంటే చాలు, పార్కంతా మోగుతున్న పాటని మధ్యలో కోసేస్తోంది ఆ అమ్మాయి. సబ్బు ప్రకటనని సబ్బు పేరు చెప్పకముందే కోసేసింది.

"అలా ఆపెయ్యొచ్చా తల్లీ?"

"పిల్ల తప్పిపోతే ఏదైనా ఆపేస్తాం మామ్మగారూ."

"పెద్దవాళ్ళనెవరినీ అడగక్కర్లేదా?"

"ఎందుకడగాలి?" అంది, వింతగా చూసి.

నేను కాసిని మంచినీళ్ళు తాగాను.

అంతలో తలుపు తోసుకుని మా అమ్మాయి వచ్చిపడింది. జుట్టు విడిపోయి ఉంది. కాలికి ఒక చెప్పు లేదు. వెనకే అల్లుడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పాపండీ... రెండేళ్ళు... పసుపు గౌను... మా అమ్మ కూడా..." అంటూ బల్ల పట్టుకుని, అప్పుడు చూసింది మమ్మల్ని. చిట్టెలుక నోటినిండా బిస్కెట్.

"అమ్మా! కదలొద్దన్నానా లేదా?"

"వెతుక్కుంటూ నువ్వొచ్చే చోటికే వచ్చి కూర్చున్నానే."

"మీరు ఇక్కడుంటేనేగా నేను వెతుక్కుంటూ రావాల్సొచ్చింది!"

"ఈవిడ తప్పిపోలేదు మేడమ్," అంది మైకు పిల్ల. "అడ్వాన్సుగా వచ్చారు."

మా అమ్మాయి ముందు నా భుజం మీద ఒక్కటేసింది. తరువాత ఇద్దర్నీ కలిపి పట్టుకుంది. అల్లుడు మాత్రం ఆ రోజంతా నా కొంగు కొస వేలికి చుట్టుకుని నడిచాడు. దగ్గరున్నవాళ్ళలో తప్పిపోయే ప్రమాదం నాకే ఎక్కువని అతని అంచనా.

కనుక, పార్కుల్లో మైకు గోల భరించలేకపోతున్నామని పత్రికలకి ఉత్తరాలు రాసే పెద్దమనుషులారా! ఆ గోల చాలదంటాను నేను. ఇంకో పది మైకులు పెట్టించమంటాను. చెవులు చిల్లులు పడితే పడనివ్వండి. మైకంటే నాకేం కోపం లేదు. దాని ముందు నిలబడి దిగని వాళ్ళమీదే నా కోపం.

మా చిన్నప్పుడు ఎగ్జిబిషనులో కూడా మైకుంది. దాంట్లో ఒక పెద్దమనిషి ఉపన్యసిస్తున్నారు. మా నాన్న వేదిక దగ్గరికి పరుగెత్తి, ఒక్క పేరు చదవండి చాలు, చిన్నపిల్లాడు, అని దణ్ణం పెట్టాడు. అయ్యగారు ముగించాక చదువుతామన్నారు కింద నిలబడ్డవాళ్ళు. అయ్యగారికి చెప్పాల్సింది చాలా ఉంది. పిల్లలే జాతి సంపద అన్న విషయం మీద ఆయన చీకటి పడేదాకా మాట్లాడారు. జనం చప్పట్లు కొట్టి, ఎవరిళ్ళకి వాళ్ళు బయల్దేరారు. అప్పుడు పేరు చదివారు. ఖాళీ మైదానం కదా, చాలా స్పష్టంగా వినిపించింది.

మా తమ్ముడు తిరిగి రాలేదు. వాడికి మూడేళ్ళు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎండాకాలంలో, ఒక ఆదివారం.