కుంటి బాతులు ఎనభై ఆరు

నువ్వు నమ్మవు. ఒట్టేసి చెప్తన్నా, నమ్మనే నమ్మవు. అయినా విను.

ఒక పెద్ద అడవిలో, అదీ మన పక్కన అడవి కాదు, కెనడా దేశంలో, ఉమ్మేస్తే కిందపడేలోపు గడ్డకట్టే చోట, ఒక మడుగుంది. ఆ మడుగులో నీటెలక నాంచారమ్మకి ఇల్లుంది. రెల్లు కోసి, బురద మెత్తి, వాళ్ల అమ్మమ్మ కట్టిన ఇల్లు.

ఆ అమ్మమ్మ కాలంలోనే, చలికి దక్షిణం పోతా పోతా ఒక బాతు రెక్కలు నొప్పెట్టి ఆ మడుగులో దిగింది. అమ్మమ్మ నాలుగు దుంపలు పెట్టింది. మరుసటేడు ఆ బాతు చుట్టాలందర్నీ ఎంటేసుకొచ్చింది. చరిత్రంటే అంతే. మనకి ఎయిర్‌పోర్టు ఎట్టాగో వాటికి ఆ మడుగు అట్టాగ. దిగుడు రేవు అనేవాళ్లు. ఏటా రెండుసార్లు, పోతా ఒకసారి, వస్తా ఒకసారి, నలభై బాతులు దిగేవి, తినేవి, పోయేవి.

ఇంత బాగా నడిచే రేవుకి సంఘం లేదేందని అడవికి బెంగ పట్టుకుంది. పెట్టారు. ఎలుగు భల్లప్ప అధ్యక్షుడు, ఎందుకంటే ఆయన కూర్చున్నాక ఇంకొకళ్లకి చోటుండదు. నక్క జంబులయ్య సలహాదారు. కుందేలు చెంగయ్య లెక్కల గుమాస్తా.

ఈ చెంగయ్య మహా నిక్కచ్చి. రేవు గట్టున కూర్చుని గుంపు మొత్తం లెక్కపెట్టి, మర్చిపోకుండా వెనక కాలితో నేల మీద దబ్బుమని ఒకటి కొడతాడు. ఆ దెబ్బకి బాతులు బెదిరి లేస్తాయి. ఓ చుట్టు తిరిగి మళ్లీ దిగుతాయి. కొత్త గుంపొచ్చిందని చెంగయ్య మళ్లీ మొదలెడతాడు. నలభై. దబ్బు. మళ్లీ లేస్తాయి.

పొద్దుగూకేసరికి నలభై కాస్తా మూడువేల నాలుగొందల నలభై అయినయ్. చెంగయ్య కాలు వాచింది.

సంఘం కూర్చుంది. జంబులయ్య లేచి, "ఈ లెక్కన వచ్చేడుకి ఆకాశం పట్టదు. రేవు పెంచాల్సిందే" అన్నాడు.

నాంచారమ్మ తడితోకతోనే పరిగెత్తుకొచ్చింది. "అయ్యా, అయ్యి కొత్తయి కాదు. పొద్దుట్నించీ దిగేది ఆ నలభయ్యే. కావాలంటే కుంటి పుల్లమ్మని చూడండి, ఎడమకాలు ఈడుస్తది. అదే లేస్తంది, అదే దిగుతంది."

చెంగయ్య లెక్క తిరగేశాడు. "కుంటి బాతులు ఎనభై ఆరు."

"ఎనభై ఆరు కాదు నాయనా. ఒకటే. ఎనభై ఆరుసార్లు."

జంబులయ్య కళ్లొత్తుకున్నాడు. "ఎనభై ఆరుగురు కుంటోళ్లు. వాళ్లు నడవడానికి రేవులో ఒక దారన్నా లేదు. మనం మనుషులమా?"

"కాదు" అన్నాడు చెంగయ్య, లెక్క తప్పకుండా.

"అందుకే విస్తరణ."

"విస్తరణంటే ఏందయ్యా?" అంది నాంచారమ్మ.

"మీ ఇల్లు తియ్యడం అమ్మా."

నాంచారమ్మ భల్లప్ప కాళ్ల దగ్గరికి పోయింది. "పెద్దయ్యా, మా అమ్మమ్మ కట్టిన ఇల్లు. నువ్వన్నా చెప్పు."

అప్పటికే మంచు పడతా ఉంది. ఎలుగులకి అది ఆర్నెల్ల నిద్ర పట్టే వేళ. భల్లప్ప నోరంతా తెరిచి ఆవలించాడు. "ఆ..."

"ఆ అన్నారు, రాసుకో" అన్నాడు జంబులయ్య.

భల్లప్ప వెళ్లి గుహలో పడుకున్నాడు. నాంచారమ్మ వెనకాలే పోయి, చెవి పట్టి గుంజింది. ఆయన గురక "ఊఁ" అంది. దాన్ని రెండో ఆమోదం కింద రాసుకున్నారు.

రెల్లు పీకారు. ఇల్లు తీశారు. గుట్ట అవతల పెద్ద గుంత తవ్వి, ఆ మట్టి తెచ్చి మడుగు పూడ్చి చదును చేశారు. నాంచారమ్మ, అమ్మమ్మ నాటిన రెల్లు దుబ్బు ఒకటి నోట కరుచుకుని, ఉండడానికి ఇంకో చోటు లేక, ఆ గుంతలోకే పోయింది. మంచు కరిగింది, గుంత నిండింది. దుబ్బు చిగురేసింది.

బాతులు తిరిగొచ్చినయ్. చూస్తే నేలంతా చదును. కుంటోళ్లకి ఎనభై ఆరు దారులు. పుల్లమ్మ ఏ దారిన పోవాలో తెలీక ఎనిమిదింట్లో పోయి ఎనిమిదింట్లో వెనక్కొచ్చింది.

"నీళ్లెక్కడయ్యా?" అంది.

"రెండో దశలో వస్తాయి. ముందు ఈకలు తీసి ఈ బుట్టలో పెట్టండి, తనిఖీ" అన్నాడు జంబులయ్య.

"ఈకలు తీస్తే ఎగిరేదెట్టా?"

"ఎగిరే విభాగం అటు. ఇది దిగే విభాగం."

బాతులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని లేచినయ్. గుట్ట అవతల ఏదో తళుక్కుమంది. పోయి గుంతలో దిగినయ్. నాంచారమ్మ దుంపలు పెట్టింది.

రేవులో సున్నా. "ఎవరూ రావట్లేదంటే, రద్దీ అంత ఎక్కువగా ఉందన్నమాట" అన్నాడు జంబులయ్య. కానీ ఎవరో గుంత సంగతి చేరేశారు. లెక్క తెమ్మని చెంగయ్యని పంపారు.

గట్టు మీద చెవులు కనపడగానే నాంచారమ్మ పుల్లమ్మ దగ్గరికి ఈదింది. కొత్తింటికి మొన్ననే మెత్తిన బురదింకా ఆరలేదు. "పుల్లమ్మక్కా, ఆ కాలు దబ్బుమంటే మీరు లేస్తారు. మీరు లేస్తే నా ఇల్లు లేస్తది. ఈ ఒక్కసారికి లేవమాకండి. తలలు నీళ్లల్లో పెట్టండి."

చెంగయ్య వంగి చూశాడు. తల ఒక్కటీ లేదు. పైకి లేచిన తోకలే. దబ్బుమని కొట్టాడు. ఒక్క తోకా కదల్లేదు. రాసుకుపోయాడు. బాతులు సున్నా. తోకలు నలభై.

జంబులయ్య చదివి కాయితం పక్కన పడేశాడు. "తోకలు మన శాఖ కాదు."

నాంచారమ్మ ఇల్లు ఇప్పటికీ ఆ గుంతలోనే ఉంది. ఆ ఎనభై ఆరు దారులకీ ఏటా గడ్డి పీకుతున్నారు.

నీతి ఏందంటే, ఎవడన్నా నిన్ను లెక్కలోకి తీసుకుంటానంటే, తల నీళ్లల్లో పెట్టు.

అబద్ధమంటావా? వెళ్లు, ఆ గుంత దగ్గర కాలు దబ్బుమనిపించు. ఒక్క బాతు తల చూశానని నిరూపించు, ఈ మీసం తీసేస్తా.