మూడు కంప్యూటర్ల ఐకమత్యం

మంచి గడియ దాటిపోతుందని నాగేశ్వర్లు శెట్టి ఆ రోజు మార్కాపురం ఫోటో స్టూడియోను పెందలాడే తెరిపించాడు. కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు కీబోర్డు మీద పడకుండా కాటమరాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఇంక కానీయ్" అన్నాడు శెట్టి.

కానివ్వాల్సింది సింక్. శెట్టికి మూడు స్టూడియోలు. మార్కాపురంలో కాటమరాజు, గిద్దలూరులో దయామణి, పెద్దదోర్నాలలో శెట్టి బావమరిది చంద్రశేఖరరావు కూర్చుంటారు. ఏ ఊరి కంప్యూటరు ఆ ఊరి మనిషి ఇష్టప్రకారం ఉండేది. శెట్టి ఏ ఊరికి పోయినా ఏది ఎక్కడుందో దొరక్క, తన దుకాణంలో తానే బేరానికి వచ్చినవాడిలా నిలబడాల్సి వచ్చేది. మూడింటినీ ఒకే ఖాతాతో కలిపితే ఒకచోట పెట్టిన సెట్టింగులు మిగతా రెండుచోట్లకీ వాటంతటవే పోతాయని కాటమరాజు చెప్పాడు. అతను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాడు. వెలిగండ్ల పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి.

"సాయంత్రం దాకా మూడూ ఒక్క మాట మీద నడిచినాయంటే దోర్నాల ఇన్‌చార్జివి నువ్వే" అన్నాడు శెట్టి. "తేడా వచ్చిందా, మా బావమరిదినే ఉంచేస్తా. ఇంట్లో వాళ్ళక్క పోరు పడలేకపోతా ఉండా."

ఈ సంగతి కాటమరాజు ముందురోజే ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. అదే పొరపాటు. తండ్రి రామసుబ్బయ్య ఉతికిన పంచె కట్టుకుని మొదటి బస్సుకే దిగి, కస్టమర్ల బెంచీ మీద కూర్చున్నాడు.

"అయినాక రమ్మంటిని గదా నాయనా!"

"అయినాక వస్తే ఏం జూసేది? నువ్వు పని జూసుకో. నేను ఈడ లేననుకో."

కాటమరాజు మీట నొక్కాడు. మూడు ఊళ్ళలోనూ తెరలు ఒకే రకంగా మారాయి. శెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.

గిద్దలూరులో దయామణి గతుక్కుమంది. ఆమెది ఎడమచేతి వాటం. మౌసు మీటలు అటూ ఇటూ మార్చుకుని పనిచేసేది. శెట్టికి ఎడమచెయ్యంటే గిట్టదు. కస్టమరు ఎడమచేత్తో డబ్బులిచ్చినా చేయి మార్చమంటాడు. ఆయన వచ్చిన ప్రతిసారీ ఆమె మౌసును కుడిపక్కకు జరిపి, సెట్టింగు మార్చి, తిప్పలు పడేది. ఇప్పుడు అవి వాటంతటవే కుడివాటానికి మారిపోయాయి. ఫోన్ చేసి అడిగితే గుట్టు బయటపడుతుంది. అందుకని చప్పుడు చేయకుండా మళ్ళీ ఎడమకు మార్చుకుంది.

మరుక్షణం మార్కాపురంలో మౌసు తిరగబడింది. శెట్టి భుజం మీదుగా చూస్తుండగా కాటమరాజు ఫోటో మీద నొక్కితే ఫోటో తెరుచుకోలేదు, ఏదో మెనూ వచ్చి పడింది.

"ఏంది అది?"

"ఏం లేదు శెట్టిగారూ, చెయ్యి జారింది."

శెట్టి అటు తిరగ్గానే కాటమరాజు దాన్ని కుడికి మార్చాడు. గిద్దలూరులో దయామణి ఎడమకు మార్చింది. ఇతను కుడికి, ఆమె ఎడమకు. మౌసు పాడైందనుకుని ఆమె ఎదురు దుకాణంలో కొత్త మౌసు కొనుక్కొచ్చింది. అదీ అట్లాగే చేసింది.

దోర్నాలలో చంద్రశేఖరరావు కష్టం వేరు. చూపు తగ్గిందని తెలిస్తే బావ కొట్లో కూర్చోనివ్వడని భయం. అందుకని కళ్ళజోడు పెట్టకుండా, తెర మీద అక్షరాలనే పెద్దవి చేసుకుని నెట్టుకొస్తున్నాడు. ఆ ఉదయం అవి ఉన్నట్టుండి చిన్నవైపోయాయి. కంగారుగా పెంచుకున్నాడు.

మార్కాపురంలో ఒక్కో అక్షరం ఇడ్లీ అంత అయి కూర్చుంది.

"బాగా కనపడతా ఉండాయి కాటమా!" అని రామసుబ్బయ్య బెంచీ మీది నుంచి మెచ్చుకున్నాడు. "నాకు సదువు రాదు గానీ, ఇట్లుంటే నేర్చుకోబుద్దవుతా ఉంది."

కాటమరాజు నుదుట చెమట తుడుచుకుని తగ్గించాడు. దోర్నాలలో చంద్రశేఖరరావు కళ్ళు నులుముకుని మళ్ళీ పెంచాడు.

అంతలో పుల్లలచెరువు నుంచి అంకాలమ్మ అనే ముసలామె వచ్చింది. బ్యాంకులో ఇవ్వడానికి చిన్న ఫోటోలు కావాలంది. కాటమరాజు తీశాడు, ప్రింటు కొట్టాడు. దోర్నాలలో శ్రీశైలం యాత్రికులకు మల్లన్న పటాలు వేస్తారు కాబట్టి, చంద్రశేఖరరావు అప్పుడే ప్రింటు కొలతను గోడపటం సైజుకు పెట్టి ఉన్నాడు. మిషను చాలాసేపు మూలిగి, అంకాలమ్మ ముఖాన్ని గంపంత చేసి బయటికి తోసింది.

ముసలామె దాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది. "బ్యాంకోళ్ళు చిన్నది అడిగినారు నాయనా. ఇంత మొకం యాడ అంటిచ్చుకుంటారు వాళ్ళు?"

శెట్టి ముఖం ఎర్రబడింది. అప్పటికప్పుడు మిగతా రెండు దుకాణాలకూ ఫోన్ కలిపి, స్పీకరులో పెట్టాడు.

"ఎవరన్నా ఏమన్నా మార్చినారా?"

"లేదు శెట్టిగారూ" అంది దయామణి, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని.

"నేనెందుకు మారుస్తా బావా?" అన్నాడు చంద్రశేఖరరావు.

"నువ్వు?"

కాటమరాజు తండ్రి వైపు చూశాడు. "లేదండీ" అన్నాడు.

"ఎవరూ ముట్టుకోలేదంటే ఎవరో గిట్టనోళ్ళు చేసినారు. సాయంత్రం దాకా చూస్తా. ఇట్లనే ఉంటే దోర్నాల మాట మరిచిపో." శెట్టి నిమ్మకాయలు తేవడానికి బజారుకు పోయాడు.

రామసుబ్బయ్య కొడుకు ముఖంలోకి చూసి, "మనం అనుకున్నట్టే పోతా ఉందా?" అని మెల్లగా అడిగాడు. కాటమరాజు మౌసును మళ్ళీ కుడికి మార్చాడు.

అప్పుడు దయామణి అతని సొంత ఫోనుకు చేసింది. "అన్నా, నీకు పుణ్యముంటాది, శెట్టిగారికి చెప్పొద్దు. నేను పొద్దున్నుంచి మౌసును ఎడమకు మారుస్తానే ఉండా. అది మళ్ళీ మళ్ళీ కుడికి పోతా ఉంది."

కాటమరాజు కుర్చీలో వెనక్కి వాలాడు. మార్కాపురం పెద్ద దుకాణం కాబట్టి మిగతావి దాని మాట వింటాయని శెట్టితో పాటు అతనూ అనుకున్నాడు. సింకుకు పెద్దా చిన్నా లేదు. ఆఖర్న ఎవరు ముట్టుకుంటే వాళ్ళదే పెత్తనం. అది పొద్దున్నుంచీ ఒక్క తప్పు కూడా చేయలేదు. చెప్పిందల్లా చెప్పినట్టు మూడు ఊళ్ళకూ మోసింది.

"అమ్మా దయామణీ, ఇంక ఒక్కసారి మార్చుకో. మళ్ళా తిరగబడదు" అని, అతను సింకును ఆపేశాడు.

మౌసు మాట విన్నది. అక్షరాలు అక్షరాల్లా నిలబడ్డాయి. అంకాలమ్మ చిన్న ఫోటోలు తీసుకుని, పెద్దదాన్ని కూడా చుట్టి చంకన పెట్టుకుని పోయింది.

శెట్టి బజారు పనులన్నీ చూసుకుని, సాయంత్రానికి నిమ్మకాయలతో వచ్చి, గుమ్మానికి కట్టి, గిద్దలూరుకు ఫోన్ చేశాడు. "ఎట్లుంది?"

"బంగారం మాదిరి ఉంది శెట్టిగారూ!"

కాటమరాజు లేచి నిలబడ్డాడు. "శెట్టిగారూ, అది నేను..."

"నువ్వే చేసినావని తెలుసులేవయ్యా. నిమ్మకాయ కూడా పనిచేసింది."

"అది కాదండీ, సింకును..."

సరిగ్గా అప్పుడు చంద్రశేఖరరావు తూలుతూ లోపలికి వచ్చాడు. దోర్నాల కొట్టు మూసి, బస్సెక్కి, కంటి డాక్టరును చూసి వస్తున్నానన్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు శెట్టి.

"మామూలు చత్వారమేనంట, అద్దాలు పెట్టుకుంటే సరిపోతాదంట." అతను తలను రెండు చేతులా పట్టుకున్నాడు. "అక్షరాలు పెరగడం, తరగడం కంటి రోగం కాదంట బావా! అంటే నాకు తలకాయలో వచ్చింది. ఆ డబ్బా ముందర నేనింక కూర్చోను. అక్కకు నువ్వే చెప్పు."

శెట్టి బావమరిది చేతిలోంచి దోర్నాల తాళాలు తీసుకున్నాడు. వాటిని కాటమరాజుకు కుడిచేత్తో ఇచ్చాడు.

"శెట్టిగారూ, ముందు నా మాట ఇనండి. సింకును నేను..."

"పెద్దోళ్ళు ఇచ్చేటప్పుడు మాట్లాడకూడదు, తీసుకో!" అని వెనక నుంచి రామసుబ్బయ్య గద్దించాడు.

కాటమరాజు తీసుకున్నాడు.

ఆనాటి నుంచి మూడు కంప్యూటర్లూ ఏ గొడవా లేకుండా నడుస్తున్నాయి. అంతా సింకు మహిమేనని నాగేశ్వర్లు శెట్టి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.