చక్కెర పేర్లలో హాలాహలం

"నల్లగొండ జిల్లాల నా కండ్లుగప్పి నేరం పుట్టదు వదినా. పుట్టేదుంటే ముందుగాల నన్నడిగి పుట్టాలె!"

హోలీనాడు, కాముని పున్నమి పొద్దున, నల్లకోటు గుండీలన్నీ బిగించుకుని, చెమటలు కారుస్తూ గోపయ్య ఈ ప్రకటన చేశాడు. కిరాయికి తెచ్చిన డిటెక్టివ్ పుస్తకాలు చదివి చదివి ఆయన పానగల్లు ఊరికి అపరాధ పరిశోధకుడైపోయాడు. చేతిలో భూతద్దం కూడా ఉంది. అది పాత టార్చిలైటు ముందు అద్దం. దానిలోంచి చూస్తే చీమ చీమలాగే కనిపిస్తుంది. కిందటేడు మాయమైన గొంగడి కేసులో ముగ్గురిని అనుమానించి, నలుగురితో తన్నులాడాడు. ఆ గొంగడి అంతసేపూ ఆయన భుజం మీదే ఉంది.

వదిన బక్కమ్మ తలూపి, రోటి మీద గబగబా గంప బోర్లించింది.

ఆమె బాధ ఆమెది. మనవరాలు అండాలుకు మొన్న దవడ వాచి, దవాఖానలో ఒక పన్ను పీకించుకొచ్చారు. "పక్కది కూడ పుచ్చుతాంది. తీపి ముట్టిందంటే అదీ పోతది. అది పాలపన్ను గాదు, మళ్ళ మొలవది" అన్నాడు డాక్టరు. ఇంతలో పండుగ వచ్చింది. నిన్న సాయంత్రం పిల్ల మేనమామ గుర్వయ్య హాలియా నుంచి చక్కెర పేర్లు తెచ్చాడు. చక్కెర బిళ్ళలు గుచ్చిన ఆ దండ మేనమామ తెస్తే వద్దనడం అంటే, కోడలి పుట్టింటివాళ్ళను గడపలోంచి వెళ్ళగొట్టినట్టే. గొర్రెపిల్ల విషయంలో మాట పట్టింపు వచ్చి తెగిన రాకపోకలు ఈమధ్యే అతుక్కున్నాయి. వద్దంటే చుట్టరికం పోతుంది, ఊరుకుంటే పిల్ల పన్ను పోతుంది.

అందుకే బక్కమ్మ తెల్లవారుజామున వేపాకు నూరి, చంటిపిల్లలకు పాలు మాన్పించేటప్పుడు తల్లులు రొమ్ముకు రాసుకున్నట్టే, బిళ్ళ బిళ్ళకూ రుద్ది నీడన ఆరబెట్టింది. బిళ్ళలు లేతాకుపచ్చగా తేలాయి. పండుగ రంగేమో అనుకున్నారంతా.

అండాలు దండ మెడలో వేసుకుని మురిసిపోయింది. ఒక బిళ్ళ కొరికింది. కెవ్వుమంది.

"థూ! అవ్వా, చేదు!"

గోపయ్య చెవులు నిక్కాయి. ఒక్క గంతులో వచ్చి, దండ లాక్కుని, అద్దం పెట్టి చూసి, బిళ్ళ నాలుక మీద వేసుకున్నాడు. మొహం వంకర్లు పోయింది.

"హాలాహలం! పచ్చరంగు హాలాహలం! ఎవ్వలు కదలొద్దు!"

అండాలు తల్లి సత్తమ్మ పిల్లను వాటేసుకుని శోకాలు మొదలుపెట్టింది. వాకిలి నిండా జనం.

"గోపయ్యా, జర నా మాటిను..." అంది బక్కమ్మ.

"వదినా, సాక్షులు పిలిచినప్పుడే మాట్లాడాలె. ఇది కోర్టు పద్ధతి." గోపయ్య వేలు గుర్వయ్య వైపు తిరిగింది. "తెచ్చినోడు ఎవడు? నువ్వు! హాలియాల ఎవ్వలకు తెల్వకుంట కొన్నది ఎవడు? నువ్వు!"

"సంతల కొన్న మామా, నలుగురి మధ్యల!"

"ఆ నలుగురు ఎవలు? ముఠానా?"

గుర్వయ్య మొహం నల్లబడింది. "కాలువ పనిల మట్టి మోసి మేనకోడలికి ముచ్చటగ తెస్తే, విషం పెట్టిన్నా? సత్తమ్మా, ఇగ నీ గడప తొక్క!" అని మూట భుజానికెత్తాడు.

బక్కమ్మ దారికి అడ్డం వచ్చింది. "ఆగు అల్లుడా! గా చేదు నేనే..."

"నిందితుణ్ని కాపాడొద్దు వదినా!" అని గద్దించాడు గోపయ్య. "ఊళ్ళె పిల్లల మెడలున్న పేర్లన్ని జప్తు! అన్ని గీడ పెట్టుండ్రి!"

విషమనే మాట గాలికన్నా ముందు పరిగెత్తింది. తల్లులు పిల్లల మెడల్లోంచి దండలు తెంచి, తట్టలో పోసిపోయారు. అసలు సాక్ష్యాన్ని మాత్రం గోపయ్య గుంజకు తగిలించి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. వెనక్కి చూడలేదు. వెనక బక్కమ్మ మేక ఉంది.

"చిన్నతాతా, సాచ్చం తింటాంది!" అంది అండాలు.

గోపయ్య తిరిగేసరికి దండ సగమైంది. "పాయె! మేక పాయె! అందరు ఎనుకకు జరుగుండ్రి!"

అందరూ ఊపిరి బిగబట్టి మేక చావు కోసం చూశారు. మేక దారంతో సహా నమిలింది. మూతి నాక్కుంది. గాలి వాసన పట్టి, సరాసరి రోటి దగ్గరికి పోయి, గంపను మూతితో తోసేసి, లోపలున్న వేపాకు ముద్దను కమ్మగా నాకడం మొదలుపెట్టింది.

అందరి చూపులూ ఆ పచ్చ ముద్ద మీద పడ్డాయి.

"అత్తా, గిదేంది?" అన్నాడు గుర్వయ్య.

బక్కమ్మ తలొంచుకుని డాక్టరు మాటా, పిల్ల పన్నూ, తన భయమూ అన్నీ చెప్పింది. గుర్వయ్య మూట దించాడు.

"నేను మొహం మాడ్చుకుంటనని పిల్ల పండ్లతోని తిప్పలు పడ్డవా అత్తా? ఒక్క మాట చెప్తే నేనే వేపాకు రుద్ది తెస్తుంటి గద!"

సత్తమ్మ ఏడుపు మధ్యలో నవ్వింది.

"నాకు మొదలే ఎరుక. మేకను కావాల్నని నేనే ఇడిచిన" అన్నాడు గోపయ్య, కోటు దులుపుకుంటూ.

"ఎరుకనే ఉంటది. నీకు పాలు మాన్పించినప్పుడు వేపాకు నూరింది నేనే. అప్పుడు కూడ గిట్లనే మొహం పెట్టినవు" అంది బక్కమ్మ.

ఒకసారి విషమన్నాక ఆ దండలు ఏ తల్లీ వెనక్కి తీసుకోలేదు. ఆ పండుగకు ఆ వాడలో ఏ పిల్లకూ పన్ను నొప్పి రాలేదు. డాక్టరు ఎన్నేళ్ళు మొత్తుకున్నా జరగని పని అది.

తట్టెడు సాక్ష్యం గోపయ్య ఇంట్లో చేరింది. తలుపేసుకుని పరిశోధిస్తున్నానని చెప్పాడు. కొన్నాళ్ళకు తట్ట ఖాళీ అయింది. ఆయన బుగ్గ బూరెలా పొంగింది. మూలుగుతూ వచ్చి వదిన అరుగు మీద కూలబడ్డాడు.

అండాలు ఆయన కోటు జేబులోంచి అద్దం తీసి, ఒక కన్ను మూసి, తెరిచిన నోట్లోకి తొంగిచూసింది.

"అవ్వా, ఉరుకు! దొంగ గీడనే ఉన్నడు, నల్లగ!"