దేవదూత చెంప

ఆర్నో నది మీద పొగమంచు ఇంకా విడలేదు. ఆ ఉదయం ఒర్నెల్లా తలపెట్టిన పని చిన్నదే: మధ్యాహ్నం గంట కొట్టేలోగా దేవదూత ఎడమ చెంప తుడవాలి. చర్చి నుంచి వచ్చిన ఆ పాత చిత్రానికి తరతరాల కొవ్వొత్తి మసి పట్టింది. ఫాదర్ సవేరియో వచ్చి చూస్తాడు. చెంప తేలితే చర్చిలోని మిగతా చిత్రాలు బాగుచేసే పనీ ఆమెకే. లేదంటే అన్నీ పీసాలోని పనివాళ్ళకు. చలికాలమంతా ఆ మొహాన్నే చూస్తూ బతికిన ఒర్నెల్లాకు, దాన్ని పంపేయాలంటే ప్రాణం ఒప్పదు.

అంత పలచటి రంగు మీద మందులు పనికిరావు. దూదిపుల్లను నోట్లో తడిపి, ఉమ్మితో మెల్లగా తుడవాలి. అందుకే, ఉమ్మి శుభ్రంగా ఉండాలని, అలాంటి రోజుల్లో ఆ వృత్తివాళ్ళు కాఫీ, వైను, వెల్లుల్లి ముట్టరు. నిన్ననే కొండ మీది ఊరి నుంచి దిగిన అత్తగారు ఇయొలాండాకు ఈ గోల తెలియదు.

"కాఫీ చల్లారిపోతోందమ్మాయ్."

"వద్దత్తయ్యా. ఇవాళ ఏమీ ముట్టను."

ఇయొలాండా కోడలి పొట్ట వైపు ఓసారి చూసి, రొట్టెల కొట్టుకు బయలుదేరింది.

"మా కోడలు కాఫీ వద్దంది," అంది అక్కడ.

"నిన్న నేను పోసిన వైనూ వద్దంది," అన్నాడు కొట్టు యజమాని గ్వాల్తియేరో. "కిటికీలోంచి చూశాను, పొద్దస్తమానం దూదిలో ఉమ్ముకుంటోంది."

ఇంకేం కావాలి. గ్వాల్తియేరో చేతులకు పిండితోనే ఆమె పనిగదికి వచ్చాడు.

"మాకు చెప్పలేదేం తల్లీ?"

పని మొదలెడితే ఒర్నెల్లాకు ఈ లోకం ఉండదు. కిటికీ వెలుగులో దేవదూతతో పాటు తనూ తేలిపోతున్నట్టుంది. చిత్రాల సంగతే అడుగుతున్నాడనుకుంది.

"ఇంకా ఖాయం కాలేదు బాబాయ్. ఫాదర్ వచ్చి చూస్తే గాని తెలీదు. ఎవరికీ చెప్పకు."

"ఫాదర్ చూస్తే తెలిసిపోతుందా?" అంటూ గ్వాల్తియేరో వెనక్కి నడిచాడు. ఎవరికీ చెప్పకు అన్నాక వీధిలో అతను చెప్పని వాళ్ళు లేరు.

గంట మోగడానికి కాస్త ముందు, చెంప సగంలో ఉండగా ఒర్నెల్లా నోరు భయంతో ఎండిపోయింది. పుల్ల తడవదు. ఇక అయిపోయిందనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని నోట్లో చుక్క లేదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు అత్తగారు, వెనక వీధంతా. అందరి చేతుల్లో వంటలు: సేజ్ అనే సువాసన ఆకులేసి కాల్చిన పంది మాంసం, చిక్కుడుగింజల సూపు, అంజూరపు కేకు.

"ఇద్దరి కోసం తినాలి," అంది ఇయొలాండా.

ఒర్నెల్లాకు ఆ మాట వినబడలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమో, ఆ వాసనకు నోరు ఊరిపోయింది. పుల్ల మీద పుల్ల తడిపింది. మసి కింద నుంచి గులాబి చెంప నిద్ర లేచింది.

గంట మోగుతుండగా ఫాదర్ వచ్చాడు. వీధంతా ఆయన చుట్టూ మూగింది. ఆయన చెంపను దగ్గరగా చూశాడు.

"బాగుందమ్మా. ఇక అన్నీ నీవే."

"అన్నీ అంటే, కవలలా ఫాదర్?" అన్నాడు గ్వాల్తియేరో.

అసలు సంగతి తేలేసరికి సూపు చల్లారింది. ఇయొలాండా మొహం చిన్నబోయింది. అత్తగారిని చూస్తే ఒర్నెల్లాకు జాలేసి, వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఇయొలాండా కళ్ళజోడు పెట్టుకుని దేవదూత దగ్గరకు వంగింది.

"ముక్కు మాత్రం మావైపు పోలికే," అంది.