రాజుగారు తిరిగొచ్చేదాకా

రాజును నమ్మకుండా ఉండటం, అలాగని ఇంట్లోంచి పంపెయ్యకుండా ఉండటం, ఈ రెండూ ఏకకాలంలో చెయ్యగలిగిన జాతే నాగరిక జాతి. ఈ విషయంలో బ్రిటన్‌ను మించిన దేశం లేదని బ్రిటన్‌లో ఏకాభిప్రాయం ఉంది. పూర్వం ఒక రాజు సైనికులతో పార్లమెంటు సభలోకి జొరబడ్డాడు. కొన్నేళ్ళకి ఆయన తల తీసేశారు. (రెంటికీ కొంత సంబంధం ఉంది.) అందుకే ఇప్పటికీ రాజుగారు సభను ప్రారంభించడానికి వెళ్ళినప్పుడల్లా, ఆయన్ని క్షేమంగా తిరిగి పంపుతామన్న పూచీకి, సభ్యుల్లో ఒకరిని రాజభవనంలో బందీగా కూర్చోబెడతారు. ఇది వట్టి లాంఛనమని దేశమంతటికీ తెలుసు.

హడర్స్‌ఫీల్డ్‌లో ఉండే హిల్డా ఓల్డ్‌రాయిడ్‌కి మాత్రం తెలియదు. ఈ ఏటి బందీ ఆమె ఒక్కగానొక్క కొడుకు డెస్మండ్.

"లాంఛనమేనమ్మా," అన్నాడు డెస్మండ్ ఫోన్‌లో.

"అంత్యక్రియలు కూడా లాంఛనాలతోనే చేస్తార్రా. నేనూ వస్తున్నా."

బందీ తన వెంట ఓదార్పు వస్తువు ఒకటి తెచ్చుకోవచ్చన్న నిబంధన కింద ఆమెను లోపలికి అనుమతించారు. (కిందటిసారి బందీ కుక్కని తెచ్చుకున్నాడు.) హిల్డా తన ఓదార్పుకోసం ఫ్లాస్కుడు టీ, ఉన్ని బనీను, గొడుగు, గుడ్డు శాండ్‌విచ్‌ల పొట్లం తెచ్చుకుంది.

బందీల సంక్షేమాధికారి సర్ లయొనెల్ పార్జిటర్ వాళ్ళని మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, అల్లం బిస్కెట్లు పెట్టించి, టీవీ పెట్టించాడు. తెర మీద రాజుగారి బండి వానలో బయల్దేరుతోంది.

"బాబూ, దార్లో ఆయనకేమన్నా అయితే మావాణ్ణి ఏం చేస్తారు?" అంది హిల్డా.

"ఇంతవరకూ ఎవర్నీ ఏమీ చెయ్యలేదండీ."

"చెయ్యలేదా, చెయ్యరా?"

సర్ లయొనెల్ నిజాయితీగల మనిషి. "అవసరం పడలేదండీ," అన్నాడు.

హిల్డా కొడుకు మెడ చుట్టూ మఫ్లరు ఇంకో చుట్టు చుట్టింది. ఇక ఆమె చూపంతా గుర్రాల మీదే.

"ఒరేయ్, ఆ ఎడమవైపు గుర్రం కుంటుతోంది చూడు."

"కుంటట్లేదమ్మా. దానికి అలా నడవడం నేర్పారు."

"నేర్పితే నేర్పారు, ఈ వానలో ఎందుకుట ఆ వేషాలు?"

గుర్రం జారలేదు. బండి బోల్తా పడలేదు. రాజుగారు కిరీటం పెట్టుకుని పెద్దల సభలో సింహాసనం మీద కూర్చున్నారు. ఇక దిగువసభ వాళ్ళు రావాలి. వాళ్ళని పిలవడానికి రాజుగారి దూత వెళ్తాడు. వెళ్ళగానే వాళ్ళు ఆయన మొహం మీద తలుపు వేసేస్తారు. (మేము నీ రాజుకి లోబడిన వాళ్ళం కాదు అని అర్థం.) ఆయన కర్రతో తలుపు తడతాడు. వాళ్ళు తీసి, కబుర్లు చెప్పుకుంటూ వెనకాలే వచ్చేస్తారు. (వస్తాంలే అని అర్థం.)

ఆ తలుపు వేసే ఎర్నెస్ట్ గాడ్స్‌బీకి ఇదే ఆఖరి ఏడు. రేపటినుంచి పింఛను. ఉద్యోగజీవితం మొత్తాన్ని కుడిచేతిలోకి తెచ్చుకుని మరీ వేశాడు. టీవీ వ్యాఖ్యాత గొంతు గద్గదమైంది. ప్రజాధికారం ఇంత గట్టిగా మూసుకోవడం ఈ తరంలో చూడలేదన్నాడు.

దూత తలుపు తట్టాడు. తాళం ఇరుక్కుపోయింది. తలుపు తెరుచుకోలేదు.

మొదట్లో దీన్ని జనం ప్రజాస్వామ్యపు పటుత్వంగా భావించి హర్షించారు. కాసేపటికి వడ్రంగిని పిలిపించారు. అతను పనిముట్లు కింద పెట్టి నిలబడిపోయాడు. అతను రాజుగారి జీతగాడు. రాజుగారి మనిషి ఆ తలుపు బద్దలుకొడితే అంతర్యుద్ధం కింద లెక్క. లోపలినుంచి బద్దలుకొట్టాలంటే తీర్మానం కావాలి. తీర్మానం పెట్టారు. తలుపు తెరవాలని అధికారపక్షం అనగానే, అది తమ పోరాటాల వల్ల మూసుకున్న తలుపని ప్రతిపక్షం లేచింది.

"పోనీ రాజుగార్ని ఇంటికి వచ్చెయ్యమను బాబూ," అంది హిల్డా. "పెద్దాయన, ఆ బరువు నెత్తిన పెట్టుకుని ఎంతసేపని కూర్చుంటాడు?"

"ప్రసంగం చదవకుండా రాకూడదండీ."

"అయితే చదివెయ్యమను."

"వినేవాళ్ళు తలుపు వెనక ఉన్నారండీ. పైగా అది ఆయన ప్రసంగం కాదు, మంత్రులు రాసిచ్చింది."

"లేచి కాస్త అటూ ఇటూ నడవచ్చుగా?"

"మంత్రుల సలహా మీద నడవచ్చండీ. మంత్రులూ తలుపు వెనకే ఉన్నారు."

హిల్డా తెరవైపు చూసింది. రాజుగారి మెడ కొద్దిగా ఎడమకి వాలుతోంది. ఎవరూ పట్టించుకోలేదు.

"ఆయనకి అమ్మ లేదా?" అంది.

భోజనాలవేళ దాటింది, రాజుగారు తిరిగి రాలేదు. సర్ లయొనెల్ గొంతు సవరించుకుని, ఎంతో బాధతో, ఈ క్షణంనుంచి డెస్మండ్ అతిథిబందీ హోదా కోల్పోయి అసలుబందీ అయ్యాడని ప్రకటించాడు. నౌకరు వచ్చి బిస్కెట్లు తీసుకెళ్ళాడు. ఇంకొకడు డెస్మండ్ వీపు వెనకనుంచి దిండు లాక్కెళ్ళాడు.

హిల్డా గొడుగు పుచ్చుకుని కొడుక్కి అడ్డంగా నిలబడింది. "లండన్ టవర్ చెరసాల్లో పడేస్తారా? చెప్పండి, పడేస్తారా?"

"టవర్ ఇప్పుడు మ్యూజియమండీ, టికెట్ ఉండాలి. ఈ వారమంతా అమ్ముడైపోయాయి."

"మీ పార్టీ వాళ్ళకి ఫోన్ చెయ్యరా!"

డెస్మండ్ చేశాడు. తలుపు వెనకనుంచి పార్టీ కొరడా గుసగుసగా మాట్లాడాడు. (సభ్యుల్ని మందలా తోలే పెద్దమనిషిని అక్కడ నిజంగానే కొరడా అంటారు.) కదలకుండా బందీగానే ఉండమనీ, ఏమడిగినా గర్వంగా ఉందని చెప్పమనీ ఆదేశించాడు.

"గర్వంగా ఉందమ్మా," అన్నాడు డెస్మండ్.

తీర్మానం వీగిపోయింది. ఆ తర్వాత ఎవరో, సభ భోజనశాల ఇంకాసేపట్లో మూసేస్తారని గుర్తుచేశారు. ఎడమపక్షం, కుడిపక్షం, ఏ పక్షమూ కానివాళ్ళు అందరూ కలిసి తలుపుకి భుజం ఆనించారు. తలుపు దూతతో సహా అవతల పడింది. ఆధునిక కాలంలో ఇంతటి ఏకగ్రీవం లేదని వ్యాఖ్యాత కళ్ళు తుడుచుకున్నాడు.

రాజుగారు మెడ నిలబెట్టి చదివారు. నా ప్రభుత్వం రోడ్లు వేస్తుంది అన్నారు. నా ప్రభుత్వం చేపల్ని కాపాడుతుంది అన్నారు. అదే గొంతుతో, నా ప్రభుత్వం ఖర్చు తగ్గించడానికి రాజభవనంలో చలికాలపు హీటర్లు తీసేస్తుంది అన్నారు.

"అది ఆయన ఇల్లే కదరా?"

"అవునమ్మా."

"ఆయన్నడిగారా?"

"చదవమని అడిగారు."

సాయంత్రానికి రాజుగారు తిరిగొచ్చారు. బందీని విడుదల చేసే ముందు, వచ్చింది తానేనని రుజువుగా ఆయన స్వయంగా కనబడాలి. కిరీటం తీసినా నుదుటి మీద ఎర్రటి గీత మిగిలింది. హిల్డాకి మనసాగలేదు. పొట్లం విప్పి ముందుకి జాపింది.

"తినండి బాబూ. పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండరు. గుడ్డే, మంచిది."

రాజుగారు శాండ్‌విచ్ వైపు చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత పక్కనున్న కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి తల కొంచెమే అడ్డంగా ఊపాడు.

"నా ప్రభుత్వం మీకు కృతజ్ఞతలు తెలుపుకుంటోంది," అన్నారు రాజుగారు. హిల్డా ఉన్ని బనీను తీసి ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన దాన్ని కోటు లోపలికి తోసేసి, కార్యదర్శి ముందు నడుస్తుంటే వెనకాల వెళ్ళిపోయారు. పెద్ద తలుపు ఒకటి ఆయన వెనక మూసుకుంది. ఇది బాగా నూనె పెట్టిన తలుపు, చప్పుడే రాలేదు.

డెస్మండ్ ఫోన్ మోగింది. రాత్రికి ఓటింగుందిట, కొరడా రమ్మంటున్నాడు.

"దేని మీదరా ఓటు?"

"వెళ్ళాక చెప్తారమ్మా, అవును గుమ్మంలోంచి నడవాలో, కాదు గుమ్మంలోంచి నడవాలో."

హిల్డా కొడుకు కోటు గుండీలన్నీ పెట్టింది. మెడ తడిమి చూసుకుంది. ఉంది. గడపదాకా వచ్చి, ఆగి, సర్ లయొనెల్ వైపు తిరిగింది.

"మావాణ్ణి వదిలేశారు, మీ కడుపు చల్లగుండ. ఆ పెద్దాయన్నెప్పుడు వదుల్తారు?"

సర్ లయొనెల్ వినయంగా తల వంచాడు.

"అది మా విభాగం కాదండీ."